అమ్మగారి చుట్ట కోసం రాజమహేంద్రవరం దాకా

మా ఇంట్లో దాచిన లంక పొగాకు మాఘమాసంతో అయిపోయింది. ఈ ప్రయాణానికి కారణం అదే.

వసిష్ఠ గోదావరిలో మాకొక లంక ఉండేది. తాతగారి రోజుల్లో ఎస్టేటు పోయింది. నాన్నగారి రోజుల్లో ఏనుగుసాల కూలింది. లంక మాత్రం మా పేరన నిలిచింది. దాన్ని కోర్టువారు తీసుకోలేదు, నది తీసుకుంది. ఏటా వరదకు ఇంత ఒడ్డు విరిగిపడుతూ వచ్చి, చివరికి పడవవాళ్ళు "రాజుగారి లంక ఇక్కడుండేదండి" అని తెడ్డుతో నీళ్ళు చూపించే స్థితి వచ్చింది. ఆఖరి పంట ఆకును మా అమ్మగారు కాగుల్లో పేర్పించి, ఇన్నాళ్ళూ పొదుపుగా వాడుకున్నారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక పెరటి వసారాలో ఆమె ఒక చుట్ట కాలుస్తారు. అది కాలినంతసేపూ మాట్లాడతారు. మా వంశం గురించి నాకు తెలిసిందంతా ఆ వసారాలో, తలుపు ఇవతల కూర్చుని విన్నదే. ఆకు అయిపోయాక నరసాపురం నుంచి రకరకాల చుట్టలు తెప్పించాను. ఒకటి ముట్టించి "ఇది గడ్డి బాబూ" అన్నారు. ఇంకొకటి "మిరపకాయ" అన్నారు. చుట్ట ఎలా ఉండాలమ్మా అని అడిగితే, "గొంతు పక్కన కూర్చోవాలి. గొంతు మీద కూర్చోకూడదు" అన్నారు. ఆ తరువాత చుట్ట అడగడం మానేశారు. మాట్లాడటమూ మానేశారు. భోజనం కాగానే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. వైద్యుణ్ణి పిలిపిద్దామా అంటే నా భార్య, "అత్తగారికి జబ్బేం లేదండి. చుట్ట లేదు, అంతే" అంది.

వేసవి మరమ్మతులకు కాలువలు కట్టేసేలోపు రాజమహేంద్రవరం వెళ్ళి, స్వయంగా కాల్చి చూసి, ఆమెకు పడే చుట్ట తేవాలని ఫాల్గుణంలో బయలుదేరాను.

మా ఊరి నుంచి మొగల్తూరు మీదుగా నరసాపురం ఎడ్లబండిలో వెళ్ళాలి. తెల్లవారుజామున బండి కడితే ఎండ ఎక్కకముందే రేవులో దిగవచ్చు. తాతగారి వెండి చుట్టలపెట్టె, అంచు కుట్టించిన జరీ కండువా, పులిహోర మూట నా సామాను. పడవ సరంగు అప్పన్న నన్ను చూసి చాప దులిపి ముందువైపు వేశాడు. కిరాయి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీకు కిరాయేంటండి. మా తాత మీ తాతగారి పడవ నడిపాడు."

"నడిపినందుకు జీతం పుచ్చుకున్నాడా, లేదా?"

"పుచ్చుకున్నాడండి."

"అయితే నువ్వూ పుచ్చుకో."

పుచ్చుకున్నాడు. కానీ ఆ చాప మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. అతని మర్యాద అతను చూపాడు, నా మర్యాద నేను నిలుపుకున్నాను. ఇద్దరికీ తృప్తిగానే ఉంది.

గాలి వెనక నుంచి ఉన్నంతసేపు తెరచాప మీద నడిచాం. గాలి పడిపోయాక మనుషులు గట్టెక్కి తాడు భుజాన వేసుకుని లాగారు. వాళ్ళ అడుగుల చప్పుడు, పడవ కింద నీళ్ళ చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. కాలువలో ఎదురు వెళ్ళే ప్రయాణం నిదానంగా సాగుతుంది. తొందరపడేవారు ఈ దారి పట్టకూడదు. తొందర లేనివారికి ఇంతకంటే సుఖమైన దారి నాకు తెలియదు.

పాలకొల్లులో ఇద్దరెక్కారు. ఒకరు మిషను బడి పంతులుగారు. రెండవ మనిషి పేరమ్మ. ఏటా రాజమహేంద్రవరానికి కొబ్బరిచీపుళ్ళ మోపులు తీసుకెళ్ళి అమ్ముకొస్తుందట. నా చుట్టలపెట్టె చూసి పంతులుగారు పొగాకు మంచిది కాదని మెల్లగా మొదలుపెట్టారు. అప్పన్న చుక్కాని దగ్గర నుంచి అందుకున్నాడు.

"మీ దొరలూ కాలుస్తారు గదండి పంతులుగారూ?"

"వాళ్ళది పైపు. పైపు కాల్చకూడదని గ్రంథంలో ఎక్కడా లేదు."

"చుట్ట కాల్చకూడదని ఉందాండి?"

పంతులుగారు నిజాయితీగా "అదీ లేదులే" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

ఈలోగా పేరమ్మ మోపుల మధ్య కూర్చుని చుట్ట వెలిగించింది. వెలిగించి, తిప్పి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంది. దీన్ని అడ్డపొగ అంటారు. పడవవాళ్ళు గాలికి నిప్పు ఆరకుండా ఇలా కాలుస్తారు. చాలామంది ఆడవాళ్ళు కాల్చేదీ ఇలాగే. నేను లేచి నా చాప అవతలి పక్కకు జరుపుకున్నాను.

"ఏంటండి రాజుగారూ, నా పొగ పడలేదా?"

"గాలి కోసం."

"గాలి అటు లేదండి. ఇటే ఉంది."

నేను జరగడానికి కారణం గాలి కాదు, పొగా కాదు. మా అమ్మగారు కాల్చేదీ అడ్డపొగే. కొత్త కోడలుగా వచ్చినప్పుడు అత్తగారికి నిప్పు కనిపించకూడదని అలా నేర్చుకున్నారట. చిన్నప్పుడు మధ్యాహ్నంపూట వసారాలో పొగ వచ్చేది, నిప్పు ఎక్కడా కనిపించేది కాదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఘోషాలో ఉన్న మనిషి ముఖమే బయటివాళ్ళు చూడనప్పుడు, ఆమె చుట్ట గురించి బయట అనుకోవడమేమిటి? పడవలో అందరి ఎదుట అదే పద్ధతిలో ఒక స్త్రీ చుట్ట కాలుస్తుంటే, మా ఇంటి తలుపు ఎవరో తెరిచినట్టు అనిపించింది. ఈ సంగతి ఇక్కడ అమ్మగారి అనుమతితోనే రాస్తున్నాను. "రాసుకో బాబూ. నన్ను చూసినవాళ్ళే లేరు, చదివినవాళ్ళతో పనేముంది" అన్నారు.

కాకరపర్రు లాకు దగ్గర పులిహోర తిన్నాం. అప్పన్న గట్టు మీది ఇంటి నుంచి చల్ల తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి పడవలోనే నిద్రపోయి, మర్నాడు పొద్దెక్కేసరికి విజ్జేశ్వరం చేరాం. అక్కడ పడవ మారి నది దాటాలి. ఆనకట్ట మీద నుంచి నీళ్ళు పడే చప్పుడు ఆవలి ఒడ్డు దాకా వెంట వస్తుంది. ధవళేశ్వరంలో దిగి, ఒంటెద్దు బండి మాట్లాడుకుని, మధ్యాహ్నానికి రాజమహేంద్రవరం చేరాను. సత్రంలో నదివైపు గది దొరికింది. పూటకూళ్ళ ఇంట్లో కందిపప్పు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. వడ్డించిన అవ్వ నేను ఒంటరిగా తింటున్నానని, అన్నం చల్లారకుండా కొంచెం కొంచెంగా పెట్టింది. అడక్కుండా చేసిన ఆ పనికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

మర్నాడు గోదావరి స్నానం చేసి, కోటగుమ్మం వీధిలో గవరయ్య దుకాణానికి వెళ్ళాను. లంక పొగాకు చుట్టలకు అక్కడికి వెళ్ళమని దారిలో అందరూ చెప్పినదే. గుమ్మానికి నిప్పంటించిన కొబ్బరితాడు వేలాడుతోంది. వచ్చినవాళ్ళు దానితోనే ముట్టించుకుంటారు. లోపల ఆకు మగ్గిన వాసన. పాత బెల్లం, ఎండిన గడ్డి, తోలు కలిసినట్టు ఉంటుంది. మా కాగుల వాసన అదే. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడిపోయాను.

గవరయ్య లేచి పీట వేశాడు.

"ఎవరికండి చుట్టలు?"

"నాకే" అన్నాను.

"మీకు ఎలా ఉండాలండి?"

"గొంతు పక్కన కూర్చోవాలి. గొంతు మీద కూర్చోకూడదు."

అతను తలెత్తి చూశాడు. "ఆ మాట ఎవరిదండి?"

"మా ఇంట్లో మాట."

అతను మూడు రకాలు తీసి విస్తరాకు మీద పెట్టాడు. పొగాకు మొక్కకు పైనుండేది కొస ఆకు, మధ్యది నడిమి ఆకు, నేలకు దగ్గరగా ఉండేది అడుగు ఆకు. ఎండ తగిలినకొద్దీ ఘాటు పెరుగుతుంది. ఒక్కొక్క చుట్టకూ మధ్య చిన్న బెల్లంముక్క నమిలి, నీళ్ళు పుక్కిలించమన్నాడు.

మొదట కొస ఆకు. నల్లగా నిగనిగలాడుతోంది, వేళ్ళకు జిగట తగులుతుంది. రెండు దమ్ములకే ముక్కుపుటాలు మండాయి, చెవుల వెనక చెమట పట్టింది. మంచి చుట్టే, కానీ గొంతు మీద ఎక్కి కూర్చుంది. తరువాత అడుగు ఆకు. లేత గోధుమరంగు, బిగువుగా చుట్టారు; లాగడానికి కొంచెం బలం పట్టింది. వాసన బాగుంది, పొగలో మాత్రం పస లేదు. వరిగడ్డి కాలిన రుచి వచ్చి వెళ్ళిపోయింది. గొంతు దాకా రాలేదు. ముసలివాళ్ళకు, రోగులకు సరిపోతుందని పక్కన పెట్టాను.

మూడవది నడిమి ఆకు. చేతిలోకి తీసుకుంటేనే బరువు కుదిరింది. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ నిండుగా వచ్చింది. ముట్టించాక మొదటి దమ్ము బెల్లంపాకం అడుగంటే ముందు వచ్చే వాసనలా ఉంది. సగానికి వచ్చేసరికి ఎండిన నేల మీద మొదటి చినుకులు పడ్డట్టుంది. బూడిద తెల్లగా, పొడుగ్గా నిలిచింది. పొగ గొంతు పక్కన, చుట్టంలాగా, కూర్చుంది. కొస దాకా చేదెక్కలేదు. మా లంక ఆకుతో సమానమని చెప్పను. దాని వరస తెలిసిన ఆకు అని చెబుతాను.

ఒక పెద్ద కట్ట కట్టించాను. గవరయ్య మిగిలిన రెండు రకాలు కూడా కొన్ని పొట్లంలో వేసి, "దారిలో మళ్ళీ చూసుకోండి. నోరు ఊళ్ళో ఒక మాట చెబుతుంది, నీళ్ళ మీద ఒక మాట చెబుతుంది" అన్నాడు. నాకు అవసరం లేదనిపించింది. అయినా కాదనడం మర్యాద కాదని తీసుకున్నాను.

మరునాడు పెందలాడే నది దాటి విజ్జేశ్వరం వచ్చేసరికి అప్పన్న పడవ లాకు కింద కట్టి ఉంది. సరుకు ఎక్కిస్తున్నారు. పేరమ్మ కూడా చీపుళ్ళు అమ్ముకుని వచ్చి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకు కూర్చుంది.

"రాజుగారండీ, నా చుట్టలు అయిపోయాయి. ఒకటుంటే ఇప్పించండి. ఈసారి గాలి చూసే కూర్చున్నాను."

వచ్చినప్పటి మాట ఆమె మరిచిపోలేదు. నేను వెండిపెట్టె తెరిచి నడిమి ఆకు చుట్ట ఒకటి ఇచ్చాను. మెచ్చుకుంటుందనే ఇచ్చాను. ఆమె వెలిగించి, తిప్పి, నోట్లో పెట్టుకుంది. ఒక దమ్ము తీసింది. రెండవది తీయలేదు. చుట్ట బయటకు తీసి, గట్టుకు రుద్ది నిప్పు ఆర్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మంచి చుట్టేనండి. కాకపోతే మగవాళ్ళ చుట్ట."

కట్ట నా ఒళ్ళో ఉంది. నిప్పు బయట ఉంటే పొగ చుట్ట పొడుగునా ఆకుల మధ్య నుంచి నడిచి, చల్లబడి నోటికి వస్తుంది. నిప్పు నోట్లో ఉంటే ఆ నడకే ఉండదు. పుట్టిన వేడితోనే తగులుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టకపోవడానికి కారణం, ఆ పద్ధతి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం. మాట్లాడనిదాన్ని నేను తలుచుకోకపోవడం. ఇంత దూరం వెళ్ళి, మూడు రకాలూ మగవాడిలాగా కాల్చి, మా అమ్మగారికి నాకు నచ్చిన చుట్ట కొన్నాను. ఇది తీసుకెళ్ళి ఇస్తే ఆమె ఒక దమ్ము తీసి, నా మనసు నొప్పించకుండా, "బాగుంది బాబూ" అని పక్కన పెట్టేస్తారు. గోడవైపు తిరిగి పడుకుంటారు. అదంతా కళ్ళకు కట్టింది.

పొట్లం విప్పాను. రోగులకని పక్కన పెట్టిన అడుగు ఆకు చుట్ట తీశాను. పేరమ్మకిచ్చి రుచి అడగవచ్చు. కానీ మా అమ్మగారి గొంతు మాట పేరమ్మ ఎలా చెబుతుంది? ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. అప్పన్న దగ్గర నిప్పు తీసుకుని వెలిగించాను. చుట్టూ బస్తాలు మోసేవాళ్ళు, లాకు మనుషులు, పడవల వాళ్ళు. నేను నడుము నిటారుగా పెట్టి కూర్చుని, చుట్ట తిప్పాను.

"అయ్యబాబోయ్, ఆగండాగండి" అంది పేరమ్మ. "పెదాలు తడి చేసుకోండి ముందు. నాలిక లోపలికి లాక్కోండి. పళ్ళు తగలనివ్వకండి. ఊపిరి మెల్లగా."

మూడు మాటలు పాటించాను, నాలుక సంగతి మరిచిపోయాను. నాలుక కొస చురుక్కుమని కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్తా మోసే మనిషొకడు నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"రాజుగారు అడ్డపొగ కాలుస్తున్నారేంట్రా" అన్నాడు పక్కవాడితో.

"నీ బస్తా నువ్వు మొయ్యి" అంది పేరమ్మ.

మళ్ళీ పెట్టాను. ఈసారి నోరంతా వెచ్చబడింది. లాగడానికి బలం పట్టిన ఆ బిగువు చుట్టు ఇక్కడ మేలు చేసింది. నిప్పు నిదానంగా ఉంది, బూడిద రాలలేదు. చప్పగా తోచిన ఆకు, వేడి దగ్గరయ్యేసరికి విచ్చుకుంది. బెల్లంపాకం, తరువాత తడిసిన మట్టి. పొగ ముక్కు నుంచి వదిలాను. గొంతు పక్కన కూర్చుంది. అచ్చంగా అక్కడే. కళ్ళు మూసుకుంటే మా వసారా తలుపు అవతల నుంచి వచ్చే వాసన, ఇన్నేళ్ళలో మొదటిసారి, తలుపు ఇవతల, నా నోట్లోనే ఉంది.

"అప్పన్నా, పడవ ఎప్పుడు కదులుతుంది?"

"సాయంత్రమండి. మీరు అవతలికి వెళ్ళి రావాలంటే వెళ్ళి రండి. మీరు రాందే తాడు విప్పను."

మళ్ళీ నది దాటాను. మళ్ళీ బండి. గవరయ్య నన్ను, కట్టను చూసి లేచాడు.

"చుట్టలు బాగాలేవాండి?"

"చాలా బాగున్నాయి. నేను మీకు ఒక మాట సరిగ్గా చెప్పలేదు." దుకాణంలో ఇంకా నలుగురున్నారు. కండువా సర్దుకుని చెప్పాను. "ఇవి మా అమ్మగారికి. ఆమె అడ్డపొగ కాలుస్తారు."

ఎవరూ నవ్వలేదు. గవరయ్య కట్ట తీసుకుని, "నా చుట్టల్లో సగం అమ్మలకే పోతాయండి. కొనేవాళ్ళంతా తమకే అంటారు. మా అమ్మకు చుట్టలు కొనేటప్పుడు మా నాన్నా అలాగే అనేవాడు" అన్నాడు. అడుగు ఆకులో ఇంకా బిగువైనవి ఏరి కట్ట కట్టాడు. కడుతూ, "ఈ ఆకు మీవైపుదేనండి. వసిష్ఠలో కొత్తగా తేలిన లంక. ఈమధ్యనే సాగులోకి వచ్చింది" అన్నాడు.

మా లంక విరిగిపడిన చోటుకు అది దిగువన ఉందో ఎగువన ఉందో అడగబోయి మానేశాను. దిగువనే, మా మట్టితోనే తేలిందని నమ్మడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అప్పన్న మాట నిలబెట్టుకున్నాడు. సరుకంతా ఎక్కినా తాడు విప్పకుండా గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పేరమ్మకు రెండు చుట్టలు ఇచ్చాను. వచ్చేటప్పుడు నీటివాలు, గాలీ కలిసివచ్చాయి. ఈసారి నా చాప ఆమె మోపుల జాగాకు దగ్గరగానే వేసుకుని, చుట్టలు ఎవరికో ఆమెకు చెప్పాను. పాలకొల్లులో దిగేటప్పుడు, "అమ్మగారికి దండాలు చెప్పండి" అంది. బయటి మనిషి ఒకరు మా అమ్మగారికి కబురు చెప్పడం నేనెరిగినంతలో అదే మొదలు. చెబుతానన్నాను.

ఈ దారిన వెళ్ళదలచినవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. కాలువలు కట్టేసేలోపు వెళ్ళండి. సత్రంలో నదివైపు గది అడగండి. చుట్ట కొనేటప్పుడు ఎవరికోసమో చెప్పండి. ఎలా కాలుస్తారో కూడా చెప్పండి. వెళ్ళేటప్పుడు మా వంశం పేరు ఒక్కటే నా సామానులో విలువైనది అనుకున్నాను. వచ్చేటప్పుడు లెక్కలోకి చాలామంది చేరారు: పీట వేసినవాడు, అన్నం చల్లారనివ్వని అవ్వ, తాడు విప్పనివాడు, గాలి ఎటుందో చెప్పిన మనిషి.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మగారు అప్పుడే పడుకోబోతున్నారట. నా భార్య చేత చుట్ట లోపలికి పంపి, నా చోట, తలుపు ఇవతల కూర్చున్నాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. పొగ వచ్చింది. ఆ వెనక గొంతు వచ్చింది.

"మీ తాతగారు లంకకు వెళ్ళేటప్పుడు నన్ను తీసుకెళ్ళమని ఒకసారి అడిగాను. తెలుసా నీకు?"

"తెలియదమ్మా."

"చెబుతాను. ముందు ఇది చెప్పు. ఈ చుట్ట నాకు పడుతుందని నీకెలా తెలిసింది?"

నేను లేచి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, ఆమె ఎదుట కూర్చుని, నోరు తెరిచి నాలుక చూపించాను.